బుట్టచేతుల రైక

అనంతలక్ష్మి ఆంటీ హాల్లో ఆ ఆదివారం చేరిన ఆడవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరికి బీద ముత్తవ్వ లేదు. ఒకరి ముత్తవ్వ ఏనుగు మీద కాపురానికి వచ్చిందట. ఇంకొకరి ముత్తవ్వకు చీర కుచ్చిళ్ళు సర్దడానికే ఒక మనిషి ఉండేదట. మరి ఆ కుచ్చిళ్ళు సర్దిన మనిషి తాలూకు మునిమనవరాళ్ళు ఎటు పోయారో, వాళ్ళకెవరికీ న్యూజీలాండ్ వీసాలు రాలేదో ఏమో, ఆ హాల్లో మాత్రం కనపడలేదు.

సంగతేమిటంటే, ఫిబ్రవరి చివర్లో హామిల్టన్ లేక్ పక్కనున్న పార్కులో ఊరివాళ్ళు ఒక పిక్నిక్ పెడుతున్నారు. వచ్చేవాళ్ళు నూరేళ్ళ కిందటి బట్టలు వేసుకుని రావాలి. వరసగా నడవాలి. మైకు దగ్గర ఆగి, ఆ బట్టలు తమ ఇంట్లో ఎవరు వేసుకునేవారో రెండు ముక్కలు చెప్పాలి. ఈసారి తెలుగు ఆడవాళ్ళను కూడా పిలిచారు. పిలుపు రాగానే అనంతలక్ష్మి ఆంటీ నడుం బిగించింది. ఆవిడ కాకినాడ మనిషి. హామిల్టన్‌కు కొత్తగా వచ్చిన ఏ తెలుగు పిల్లకైనా మొదటి నెల అన్నం ఆవిడ చేతిదే. అమూల్యకైతే కారు నడపడం కూడా ఆవిడే నేర్పింది. పక్క సీట్లో కూర్చుని, రౌండబౌట్ వచ్చినప్పుడల్లా ముక్కోటి దేవుళ్ళనూ పిలుస్తూ మరీ నేర్పింది. కారు లేకపోతే పాలసీసా కూడా ఇంటికి రాని ఊళ్ళో అదేం చిన్న ఉపకారం కాదు. అందుకే ఆవిడ ఏమన్నా అమూల్య నోరెత్తేది కాదు.

ఆ రోజు మాత్రం ఎత్తింది.

ఆంటీ ఎవరెవరు ఏ వేషమో చెప్పుకుంటూ వస్తోంది. నిరుపమ జమీందారుగారి కోడలు. బుట్టచేతుల జాకెట్టు, మెడదాకా లేసు, నడుముకు వడ్డాణం. ఇంకొకావిడ దివాన్‌గారి భార్య. మరొకావిడ పట్నంలో చదువుకున్న వకీలుగారి కూతురు. అందరికీ బుట్టచేతులే. ఆ కాలంలో ఇంగ్లీషు దొరసానుల గౌన్లు చూసి మన పెద్దింటివాళ్ళు ముచ్చటపడి కుట్టించుకున్న ఫ్యాషన్ అది. చివరికి ఆంటీ అమూల్య వైపు తిరిగి ముసిముసిగా నవ్వింది.

"నీకు భలే రోల్ ఉంచానమ్మా. నాట్లు వేసే మనిషి. చీర మోకాళ్ళ పైకి బిగించి కట్టి, రవిక లేకుండా కొంగు భుజాల చుట్టూ చుట్టుకోవాలి. లోపల ఒంటిరంగు బ్లౌజు వేసుకుందువుగానీలే. నెత్తిన గంప. నీ నడకలో ఆ ఊపు ఉంటుంది. మీ తెలంగాణ వైపు వాళ్ళకి అది సహజంగా వచ్చేస్తుంది."

హాస్పిటల్ ల్యాబులో రోజంతా స్టూలు మీద కూర్చుని రక్తం శాంపిళ్ళు చూసే అమూల్యకు నాట్లు వేసే ఊపు ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడే చెప్పాలి. అమూల్యకు చెవులు వేడెక్కాయి.

"ఆంటీ, మా ముత్తవ్వ కూడా బుట్టచేతుల రైక వేసుకునేదట," అంది.

అది చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి అనుకుంటుండగా చెవిన పడిన మాట. అంతకు మించి ఆమెకూ తెలియదు.

"అప్పట్లో మీ వైపు రవికలెక్కడివమ్మా?" అంది ఆంటీ, తప్పు దిద్దే టీచరులా, కోపమేమీ లేకుండా. "ఊరివాళ్ళంతా చూస్తారు కదా, హిస్టరీ కరెక్ట్‌గా ఉండాలి. ఫోటో ఏమన్నా ఉందా?"

ఫోటో లేదు. ఏనుగు ఫోటో అయితే ఎవరూ అడగలేదు. నిరుపమ ఫోన్లో ఎవరో కుర్చీలో కూర్చున్న పాత ఫోటో ఒకటి ఉంది, అది చాలు, ఆ హాలంతటికీ అదే సాక్ష్యం. అమూల్య తలూపి, పకోడీల పళ్ళెం పక్కవాళ్ళకు అందించి లేచి వచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆమెకు కాలు నిలిస్తే ఒట్టు. ల్యాబులో ఒకచోట పెట్టాల్సిన ట్రే ఇంకోచోట పెట్టింది. ఇంట్లో బట్టలు ఆరేసి, ఆరాయో లేదో అని అయిదు నిమిషాలకోసారి తీగ దగ్గరికి వెళ్ళి తడిమి వచ్చింది. "ఒక వేషం కోసం ఇంత పరేషాన్ ఎందుకే? పోకుంటే పాయె," అన్నాడు మొగుడు రిషి. పోకుంటే పోయేదే. కానీ అది వేషం గొడవ కాదు. నీ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఒక మంచి గుడ్డ తొడుక్కుని ఉండరు అని నలుగురిలో తేల్చేశారు, తను తలూపి వచ్చింది. అది మింగుడు పడటం లేదు. ఆ రైక వేసుకుని ఆ పార్కులో నడిస్తే తప్ప ఆమెకు నిద్ర పట్టేలా లేదు.

ఇంట్లో తల్లి తారాబాయి ఉంది. జగిత్యాలలో ముప్పూటలా మిషను తొక్కి, ఊరందరి జాకెట్లూ కుట్టి, కూతుర్ని చదివించిన మనిషి. విజిటర్ వీసా మీద వచ్చి, చేతులు ఊరికే ఉండక, వాడిన సామాన్లమ్మే ఆప్ షాపులో ఒక పాత కుట్టుమిషను కొనిపించుకుంది. అమూల్య అడగ్గానే ఆవిడ చేతిలో కత్తెర ఆగింది.

"అమ్మా, మీ అమ్మమ్మ బుట్టచేతుల రైక తొడుక్కున్నదట గదా. నిజమేనా?"

"ఎవలన్నరు?"

"ఇంట్ల అనుకుంటుంటే చిన్నప్పుడు విన్న."

"గిప్పుడు గదెందుకు?" అని తారాబాయి మళ్ళీ గుడ్డ కత్తిరించుకుంది.

అమూల్య వదల్లేదు. శనివారం కారేసుకుని ఆక్లాండ్ దాకా వెళ్ళి, శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ దుకాణాలన్నీ చెడతిరిగి, ముదురు ఎరుపు గుడ్డ తెచ్చి తల్లి ఒళ్ళో పడేసింది. "నాకు బుట్టచేతుల రైక కుట్టియ్యి," అంది. తారాబాయి గుడ్డను చాలాసేపు తడిమి చూసింది. తర్వాత టేపు తీసి కూతురి భుజం కొలిచింది. చేతుల పైభాగం కుచ్చుపెట్టి బుట్టలా నిలబెట్టడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ఎంతమందికి కుట్టిందో. తనకు మాత్రం ఒక్కటీ కుట్టుకోలేదు. ఆ సంగతి అమూల్యకు అప్పుడే తట్టింది.

"నువ్వెప్పుడూ ఎందుకు కుట్టుకోలేదమ్మా?"

కిటికీలోంచి పక్కింటి లాన్‌మోవర్ చప్పుడు వస్తోంది. తారాబాయి మిషను ఆపకుండానే, తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

ఆవిడ అమ్మమ్మ పేరు రాజవ్వ. ఊళ్ళో దొర ఉండే గడిలో పనిమనిషి. గడి అంటే మేడ, చుట్టూ ఎత్తైన గోడ, లోపల దొర మాటే చట్టం. పట్నం నుంచి కాపురానికి వచ్చిన చిన్న దొరసాని బుట్టచేతుల రైకలు తెచ్చుకుంది. అంతకుముందు ఊళ్ళో ఎవరూ చూడని సింగారం అది. అవి చిరిగితే కుట్టు వేసేది రాజవ్వే. ఒకసారి ఒక రైక చెయ్యి మొత్తం విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. ఆ విప్పడంలోనే దాని గుట్టు పట్టేసింది. ఇంకేముంది, అంగడిలో తన గుడ్డ తనే కొనుక్కుని, చేతి సూదితో అలాంటిదే కుట్టుకుని, జాతరకు తొడుక్కుని పోయింది. ఇరవై యేళ్ళ పిల్ల. అద్దంలో చూసుకుని ఎంత మురిసిపోయిందో మరి.

"దొరసాని తొడుక్కుంటే, అబ్బ, ఏం సింగారం అన్నరు," అంది తారాబాయి. "మా అమ్మమ్మ తొడుక్కుంటే, ఎవడిచ్చిండు అన్నరు. నేనే కుట్టుకున్న అన్నదట. ఒక్కలు నమ్మలే. పనిమనిషికి గసొంటి రైక దొర ఇయ్యకుంటే యాడికెళ్ళి వస్తది అన్నరు. దొర ఊకనే ఎందుకిస్తడు అన్నరు."

జాతర ముగియకముందే ఆ మాట మొగుడి చెవిన పడింది. నలుగురూ చూస్తుండగానే అతను ఆ రైక రెండు చేతులూ పట్టి చింపేశాడు. గడి నుంచి ఎవరూ వచ్చి ఏమీ అనాల్సిన పనే లేకపోయింది, ఊరే ఆ పని చేసిపెట్టింది. ఆ రోజు నుంచి రాజవ్వ పేరు రైక రాజవ్వ అయింది. కూతురు పుడితే రైకోళ్ళ పిల్ల అన్నారు. ఆ పిల్లకు తారాబాయి పుట్టింది. పెళ్ళీడుకు వచ్చిన తారాబాయిని చూసి నచ్చిందని చెప్పి వెళ్ళిన మొదటి సంబంధంవాళ్ళు, ఊళ్ళో ఎవరో ఈ ముచ్చట చెవిలో వేస్తే మళ్ళీ మొహం చూపించలేదు.

"చచ్చేదాంక గదే అన్నది మా అమ్మమ్మ. నేనే కుట్టుకున్న, నేనే కుట్టుకున్న అని. మా తాతకు చెప్పింది, మా అమ్మకు చెప్పింది, సోయి తప్పినంక గోడలకు గూడ చెప్పింది."

అమూల్య మిషను దగ్గరికి జరిగింది. తల్లి భుజం మీద చెయ్యి వేయబోయింది. తారాబాయి ఆ చెయ్యి తీసేసి, కుట్టిన బుట్టచెయ్యిని పైకెత్తి కుచ్చు సమంగా ఉందో లేదో చూసింది.

"తొడుక్కో. మంచిగ కుట్టి ఇస్త. గని మైకుల మా అమ్మమ్మ ముచ్చట తియ్యకు బిడ్డా. మల్ల గదే మాట అంటరు."

"ఇప్పుడెవలంటరమ్మా? ఇది న్యూజీలాండ్."

"ఈడ మనోళ్ళు లేరా?" అంది తారాబాయి.

అప్పుడే అమూల్యకు పోయిన దీపావళి గుర్తొచ్చింది. ఆ రోజు నిరుపమ చేతుల్లేని బ్లౌజు వేసుకు వస్తే, "ఎంత ఎలిగెంట్‌గా ఉన్నావే," అన్నారు అందరూ. అదే రోజు ఉషశ్రీ అనే పిల్ల, నలుగురితో ఫ్లాట్ పంచుకుని పెట్రోలు బంకు కౌంటర్లో పనిచేసుకుంటూ చదువుకునే పిల్ల, అలాంటిదే వేసుకొచ్చింది. "రాగానే రెక్కలొచ్చాయి, తల్లిదండ్రులకు తెలుసో లేదో," అని ఒకావిడ అంటే అందరూ కిసుక్కున నవ్వారు. అమూల్య కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే చీదరేసింది.

పిక్నిక్కుకు ముందు అనంతలక్ష్మి ఆంటీ ఫోన్ చేసింది. అమూల్య తను గంప ఎత్తుకోనని, రైక కుట్టించుకున్నానని గబగబా చెప్పేసింది.

"సరేనమ్మా, నీ ఇష్టం. ఎంతయినా మా పిల్లవి, కాదంటానా? కానీ మైకు దగ్గర ఎవరి జాకెట్టో, ఏ ఇంటిదో చెప్పాలి కదా. నమ్మేలా చెప్పుకో. నలుగురిలో నవ్వులపాలు కాకూడదని నా బాధ."

ఆవిడ బాధ నిజమే, అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే అమూల్య తిరిగి తిట్టి ఊపిరి పీల్చుకునేది. ఫోన్ పెట్టేసి ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఏం చెప్పాలి? నిజం చెప్పొద్దని తల్లి. నమ్మేలా చెప్పాలని ఆంటీ. ఏమీ చెప్పకుండా నడిస్తే, అదిగో, ఏమీ లేకనే చెప్పలేదంటారు.

ఆ రోజు రానే వచ్చింది. ఎండ చురుక్కుమంటోంది, లేక్ మీంచి గాలి మాత్రం ఎవరి టోపీనీ నెత్తిన నిలవనీయడం లేదు. కివీ ఆడవాళ్ళు గుండ్రటి టోపీలు, మోకాళ్ళదాకా వేలాడే పూసల దండలు, పట్టు గౌన్లు వేసుకుని దిగారు. ఒకరిని మించిన దొరసాని ఒకరు. ఈ జబ్బు మనవాళ్ళకే అనుకున్న అమూల్యకు కాస్త ఊరట కలిగింది. తెలుగు జమీందారిణులు పులిహోర డబ్బాలతో, చాపలతో చెట్టు కింద చేరారు. తారాబాయి మామూలు నేతచీరలో చాప అంచున సర్దుకుని కూర్చుంది. ఎవరో పేపరు ప్లేటులో రెండు గారెలు పెట్టి ఇచ్చి తమ మాటల్లో పడిపోయారు.

మైకు మొదట కివీలకిచ్చారు. ముత్యాలు, పార్టీలు, గుర్రపు పందేలు అయ్యాక, ఒక ముసలావిడ నల్ల గౌను మీద తెల్ల ఏప్రన్ కట్టుకుని వచ్చి నిలబడింది. అంతమందిలో పనిమనిషి వేషంలో వచ్చింది ఆవిడొక్కతే. తన నాయనమ్మ ఒక పెద్ద ఫార్మ్‌లో, యజమానురాలి ఇంట్లో గచ్చు కడిగేదని చెప్పింది. ఆ యజమానురాలు జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే ఊళ్ళో అందరూ కొత్త ఫ్యాషన్ అని మెచ్చుకున్నారట. ఆ నెలలోనే తన నాయనమ్మ కూడా కత్తిరించుకుంటే, పొగరెక్కిందని పనిలోంచి తీసేశారట. "ఆ జుట్టు ఆమె మళ్ళీ జీవితంలో పెంచలేదు," అని ముసలావిడ తన తెల్లటి పొట్టి జుట్టు నిమురుకుంది. పార్కంతా చప్పట్లు మోగాయి.

"ఏమన్నది?" అని అడిగింది తారాబాయి. అమూల్య మాట మాటా చెప్పింది. తారాబాయి చేతిలో గారె అలాగే ఉండిపోయింది. ఆ ముసలావిడ వెళ్ళి కూర్చునేదాకా అటే చూస్తూ ఉంది.

"ఆమెకు భయం గాలేదా?" అంది చివరికి.

ఇంతలో తెలుగువాళ్ళను పిలిచారు. ఏనుగు ముత్తవ్వ అయింది. కుచ్చిళ్ళ ముత్తవ్వ అయింది. నిరుపమ జమీందారు వంశం గురించి చెప్పి నమస్కారం పెట్టి దిగింది. అమూల్య ఎర్ర రైకలో మైకు ముందుకు వచ్చి నిలబడింది. ఎదురుగా గడ్డి మీద కివీలు, వాళ్ళ పిల్లలు, కుక్కలు. వాళ్ళ ముందు నిజం చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. ఇప్పుడే ఒకావిడ చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. కానీ పక్కనే వరసలో మనవాళ్ళు నిలబడి ఉన్నారు. అనంతలక్ష్మి ఆంటీ తల కొంచెం పక్కకు వంచి, ఏం చెబుతుందా అని చూస్తోంది. ఫోటో ఏమన్నా ఉందా అని అడిగినప్పుడు వంచినట్టే వంచింది.

అమూల్య నోరు తెరిచింది. ఏం చెప్పబోతోందో ఆమెకే తెలియదు.

"ఈ రైక మా ముత్తవ్వది," అంది ఇంగ్లీషులో. "ఆమె మా ఊరి గడిలో దొరసాని."

అంతే. నాలుక జారిందనడానికి కూడా వీల్లేదు, అంత తేలిగ్గా, అంత శుభ్రంగా వచ్చింది. చప్పట్లు కొట్టారు. గాలికి బుట్టచేతులు ఇంకా కాస్త ఉబ్బాయి. మైకు పక్కావిడకు ఇచ్చేసి చెట్టు కిందికి వస్తుంటే కాళ్ళ కింద గడ్డి తెలియలేదు. గెలిచాననే అనుకుంది ఒక్క క్షణం.

అనంతలక్ష్మి ఆంటీ వరసంతా అయ్యేదాకా ఆగలేక పరుగున వచ్చి కావలించుకుంది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! దొరల వంశమని ఇన్నాళ్ళూ ఒక్క ముక్కైనా చెప్పలేదు చూడు! నేనూ అనుకుంటూనే ఉన్నా, ఆ నడకలో ఠీవి ఊరికే వస్తుందా అని!"

మొన్నటిదాకా నాట్లు వేసే ఊపు ఉన్న నడకే అది. ఆంటీ తన సహజ వేగంతో అప్పటికే తారాబాయి వైపు తిరిగింది.

"వదినగారూ, మీరూ మీరే, నోరు విప్పరు కదా! అయ్యో, ఇంతసేపూ కింద కూర్చోబెట్టేశాం. నిరుపమా, ఆ కుర్చీ ఇలా తే. లేవండి వదినగారూ, కుర్చీలో కూర్చోండి."

మడతకుర్చీ వచ్చింది. నిరుపమ దాని మీద శాలువా కూడా పరిచింది. వచ్చి నెలలు గడిచినా మీ అమ్మగారు అనే మాటే తప్ప వరస కలిపి పిలవని ఆంటీ ఇప్పుడు రెక్క పట్టుకుని లేపుతోంది. తారాబాయి లేచింది గానీ కుర్చీ దగ్గరికి పోలేదు. ఇంగ్లీషు రాకపోయినా గడి అన్న మాట, దొరసాని అన్న మాట ఆవిడకు అర్థం కాకుండా పోతాయా? కూతురి దగ్గరికి వచ్చి, ఆ ఎర్ర రైక చేతి మీద పడిన గడ్డిపోచ తీసేసింది. కోపం లేదు మొహంలో. కోపమున్నా బాగుండేది.

"చెప్పకు అన్న," అంది మెల్లగా. "మా అమ్మమ్మ కుట్టుకున్న రైక తీస్కపోయి దొరసానికి తొడుగుమన్ననా బిడ్డా?"

అమూల్యకు తల కొట్టేసినట్టయింది. రాజవ్వ మొగుడు రైక రెండు చేతులే చింపాడు. తను మనిషినే లేకుండా చేసింది. కుట్టింది ఎవరో, మురిసింది ఎవరో, చచ్చేదాకా నేనే కుట్టుకున్నానని చెప్పుకుంది ఎవరో, ఒక్క మాటతో అంతా తుడిచేసి, ఆ రైక ఎవరిచ్చి ఉంటారని ఊరంతా అన్నదో వాళ్ళకే అప్పజెప్పి వచ్చింది. పైగా చప్పట్లు కొట్టించుకుని మరీ వచ్చింది. ఆమెకు ఆ పార్కులోంచి, ఆ రైకలోంచి పారిపోవాలనిపించింది.

పారిపోలేదు. తల్లి ఎదురుగా నిలబడి ఉంటే ఎక్కడికని పోతుంది?

"ఆంటీ," అంది. "నేను మైకులో అబద్ధం చెప్పాను."

పులిహోర వడ్డిస్తున్న చేతులు ఆగాయి.

"మా ముత్తవ్వ దొరసాని కాదు. గడిలో..." చెప్పాలని ఉంది. కానీ చెప్పొద్దన్న మనిషి పక్కనే ఉంది. తల్లి మొహంలోకి చూసింది. తారాబాయి ఒకసారి దూరంగా ఏప్రన్ కట్టుకున్న ముసలావిడ వైపు చూసింది. కొంగు భుజం చుట్టూ తిప్పి నడుం దగ్గర దోపింది.

"గడిల బాసండ్లు తోమింది," అంది. "మా అమ్మమ్మ. పేరు రాజవ్వ. దొరసాని రైక సూసి గసొంటిదే కుట్టుకున్నది."

నిరుపమ చూపు పక్కకు తిప్పుకుంది. అనంతలక్ష్మి ఆంటీ మొహంలో జాలి, కుతూహలం, ఇంకేదో కలగలిసి కదిలాయి. ఆవిడ చెడ్డది కాదు. ఆ మాట ఆవిడ నోట్లోకి దానంతటదే వచ్చేసింది, నూరేళ్ళుగా వస్తున్నట్టే.

"అంటే... పాపం... దొరగారే ఇప్పించి ఉంటారేమో..."

ఏ మాటకు భయపడి తారాబాయి ఇన్నేళ్ళూ తనకొక్క బుట్టచేతి రైక కుట్టుకోలేదో, అదే మాట, న్యూజీలాండ్‌లో, లేక్ పక్కన, గారెల ప్లేట్ల మధ్య వచ్చి నిలబడింది. తల్లి కూలిపోతుందనుకుని అమూల్య చెయ్యి పట్టుకోబోయింది.

తారాబాయి కూలిపోలేదు. ఆ మాట వస్తుందని ఆవిడకు ముందే తెలుసు. పుట్టినప్పటి నుంచీ దాని కోసమే కాచుకుని ఉన్నట్టు నిలబడింది.

"ఎవ్వలియ్యలేదమ్మా," అంది. "అంగట్ల గుడ్డ కొన్నది, సూదితోని కుట్టుకున్నది. గప్పుడు నమ్మలే. మీరన్న నమ్ముండ్రి, నమ్మకుంటే మీ ఇష్టం. ఇగ నేను మాత్రం దాసిపెట్ట."

అనంతలక్ష్మి ఆంటీ చెయ్యి ఇంకా కుర్చీ వీపు మీదే ఉంది. దాన్ని ముందుకు జరపాలో వెనక్కి లాక్కోవాలో తెలియక ఆ చెయ్యి తికమక పడింది. ఎవరో పిల్ల కివీ ఇంగ్లీషులో "ఏమైంది?" అని తల్లిని అడిగింది, తల్లి ఉష్‌ష్ అంది.

తారాబాయి నడిచి వెళ్ళి, ఆవిడ చేతి కింద నుంచే కుర్చీని తన వైపు లాక్కుంది. దాని మీది శాలువా తీసి, మడత పెట్టి నిరుపమకు ఇచ్చేసింది.

"దొరోళ్ళ బిడ్డనని కూసోమంటిరి గదా, గప్పుడు కూసోలే," అంది. "రాజవ్వ మనుమరాలిని. గిప్పుడు కూసుంట."

కూర్చుంది. కూతురి వైపు చెయ్యి చాచి, తను సగం తిని చాప మీద వదిలిన గారెల ప్లేటు అందివ్వమంది.